ప్లేట్‌లెట్లు తగ్గుతున్నప్పుడు వాటి పనిని అడ్డుకునే మాత్ర ఎందుకు ఇస్తారు? ఎనిమిదో నెలలో నా సందేహం

మున్నేటి ఒడ్డు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నాకు ఇది రెండో కాన్పు, 33వ వారం నడుస్తోంది. తొలి కాన్పులో 35వ వారంలో రక్తపోటు పెరిగి, ముఖమూ కాళ్ళూ ఉబ్బి, నెల ముందుగానే సిజేరియన్ చేయవలసి వచ్చింది. ఆ కారణంగా ఈసారి 13వ వారం నుంచే రోజూ రాత్రి ఎకోస్ప్రిన్ 75 మాత్ర వేసుకోమని మా డాక్టరు గారు రాశారు. ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకుంటున్నాను.

నన్ను కలవరపెడుతున్నది రక్తపరీక్ష. తొమ్మిదో వారంలో చేయించిన సీబీపీలో, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్షలో, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 2.46 లక్షలు ఉన్నాయి. 24వ వారానికి 1.78 లక్షలయ్యాయి. మొన్న సోమవారం చేయిస్తే 1.08 లక్షలు వచ్చింది. డాక్టరు గారు కాగితం చూసి, "పది రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం, కంగారేమీ లేదు" అన్నారు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉండటంతో నేను అడగవలసింది అడగలేక వచ్చేశాను.

నిరుడు వానాకాలంలో మా వీధిలో డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒక పిల్లవాడిని హైదరాబాద్ తీసుకువెళ్ళవలసి వచ్చింది. అది కళ్ళారా చూసిన మా అత్తయ్య గారు ఈ సంగతి వినగానే హడలిపోయి, బొప్పాయి ఆకు దంచి రసం తీసి ఇచ్చారు. ప్రేమతో ఇచ్చిందే గానీ, తాగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నా సందేహం ఇది. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అనీ, అది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతుందనీ చదివాను. ప్లేట్‌లెట్లే తగ్గిపోతున్న మనిషికి, మిగిలినవాటి పనిని కూడా అడ్డుకునే మందు ఇవ్వడం ఎలా సబబవుతుంది? ఆ మాత్ర వల్లనే సంఖ్య తగ్గిందా? మళ్ళీ సిజేరియనే అయితే నడుముకు మత్తు సూది ఇస్తారా, లేక పూర్తి మత్తు ఇస్తారా? తెలిసినవారు విడమరిచి చెప్పగలరు.

సూక్ష్మదర్శిని సమాధానం:

అమ్మా, నేను రక్తపరీక్షల విభాగంలో పనిచేసే వైద్యురాలిని. మీ డాక్టరు గారి సలహాకు బదులుగా కాక, వారిని ఏమి అడగాలో మీకు తెలియడానికి రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: వారిని అడగకుండా ఆ మాత్రను మీ అంతట మీరు మానవద్దు.

మీ సందేహంలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, అవి ఎంత చురుకుగా ఉన్నాయన్నది మరొకటి. సీబీపీ కాగితం మీద మీకు కనిపించేది మొదటిది మాత్రమే. గర్భం దాల్చినప్పుడు చాలామందిలో సంఖ్య తగ్గుతుంది, చురుకుదనం పెరుగుతుంది. ఈ రెండూ ఒకే శరీరంలో ఒకే కాలంలో జరుగుతాయి.

సంఖ్య ఎందుకు తగ్గుతుందో చూద్దాం. నెలలు నిండేసరికి రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎముక మజ్జ ప్లేట్‌లెట్లను తయారు చేస్తూనే ఉన్నా, పెరిగిన ద్రవంలో కలవడం వల్ల ఒక్కో చుక్కలో వాటి లెక్క పలుచబడుతుంది. దీనికి తోడు ప్లీహం కొంచెం పెద్దదై మరికొన్నింటిని తనలో నిలుపుకుంటుంది, మాయలో తల్లి రక్తం పారే చోట ఇంకొన్ని ఖర్చయిపోతాయి. 2018లో అమెరికాలోని ఓక్లహోమా వైద్యులు ఏడు వేలకు పైగా గర్భిణుల లెక్కలను పరిశీలించి ప్రచురించారు. గర్భం లేని స్త్రీలలో సగటు 2.73 లక్షలుండగా, ఏ చిక్కూ లేని గర్భిణులలో కాన్పు నాటికి 2.17 లక్షలకు దిగింది. అటువంటి ఆరోగ్యవంతులలోనే పదిమందిలో ఒకరికి కాన్పు సమయంలో లెక్క 1.5 లక్షలకు లోపు ఉంది. లక్షకు లోపు వెళ్ళినవారు మాత్రం నూటికి ఒక్కరే. అందుకే లక్ష దాటి కిందికి దిగితే మేము కారణం కోసం గట్టిగా వెతుకుతాం. గర్భం వల్లనే వచ్చే ఈ మామూలు తగ్గుదల సాధారణంగా చివరి మూడు నెలల్లో బయటపడుతుంది, రక్తస్రావం కలిగించదు, బిడ్డకు సోకదు, కాన్పయిన కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

ఇక చురుకుదనం. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడిపడిన మరుక్షణం ఆ నాళాల నోళ్ళన్నీ తెరుచుకుంటాయి. గర్భాశయం బిగుసుకుని వాటిని నొక్కిపట్టడంతో పాటు రక్తం గడ్డకట్టి వాటిని మూయకపోతే తల్లి ప్రాణం నిలవదు. ఆ గడియ కోసం శరీరం నెలల తరబడి సిద్ధమవుతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే మాంసకృత్తులు పెరుగుతాయి, గడ్డను కరిగించే వ్యవస్థ నెమ్మదిస్తుంది. మజ్జ నుంచి వచ్చే కొత్త ప్లేట్‌లెట్లు పరిమాణంలో పెద్దవి. థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేసి పక్కవాటిని పిలుస్తాయి. ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆస్పిరిన్ పని ఇక్కడే ఉంది. థ్రాంబాక్సేన్ రక్తనాళాలను బిగిస్తుంది, ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తుంది. నాళపు గోడ తయారు చేసే ప్రోస్టాసైక్లిన్ దానికి విరుగుడు. మీకు తొలి కాన్పులో వచ్చిన ప్రీఎక్లాంప్సియాలో, మన పెద్దలు గుర్రపువాతమని పిలిచే మూర్ఛలకు దారితీయగల ఆ జబ్బులో, ఈ తూకం థ్రాంబాక్సేన్ వైపు ఒరుగుతుంది. తక్కువ మోతాదు ఆస్పిరిన్, ప్లేట్‌లెట్‌లో థ్రాంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైమును శాశ్వతంగా కట్టేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కనుక అది కొత్త ఎంజైమును తయారు చేసుకోలేదు, తన ఏడెనిమిది రోజుల ఆయుష్షంతా అలాగే గడుపుతుంది. నాళపు గోడలోని కణాలకు కేంద్రకం ఉంది కనుక అవి త్వరగా తేరుకుని ప్రోస్టాసైక్లిన్‌ను మళ్ళీ తయారు చేసుకుంటాయి. 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భిణులకు 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం వరకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాలకు ముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. మీ మోతాదు 75 మాత్రమే. అది చాలా ఇంకా కావాలా అన్నది మీ బరువునూ గతాన్నీ బట్టి మీ డాక్టరు గారే తేల్చాలి. ఈ మోతాదు ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల సంఖ్యను తగ్గించదు.

నాకు మీ విషయంలో ఆలోచన కలిగించేది ఆస్పిరిన్ కాదు, మీ తొలి కాన్పు చరిత్ర. ప్రీఎక్లాంప్సియా తిరిగి వస్తున్నప్పుడు, మరీ ముఖ్యంగా 1982లో వైన్‌స్టీన్ అనే వైద్యుడు హెల్ప్ సిండ్రోమ్ అని పేరు పెట్టిన దాని తీవ్రరూపంలో, ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోతాయి. కొందరిలో రక్తపోటు అంతగా పెరగకముందే ఇది మొదలవుతుంది. కాబట్టి పది రోజులు ఆగే లోపు, ఈ వారంలోనే రక్తపోటు, మూత్రంలో అల్బుమిన్, కాలేయ పరీక్షలు చేయించవచ్చా అని అడగండి. కుడివైపు డొక్క కింద లేదా పొట్ట పైభాగంలో నొప్పి, విడవని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, వాంతులు, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అది రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరం వస్తే డెంగీ పరీక్ష కూడా వెంటనే చేయించాలి.

మరొక చిన్న మాట, ల్యాబ్‌లో కూర్చున్న మనిషిగా. ఊదారంగు మూత గొట్టంలో, రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, యంత్రం ఆ గుంపులను లెక్కించలేక తక్కువ అంకె చూపుతుంది. గాజు పలక మీద రక్తపు పూత వేసి కంటితో చూడమనండి. అనుమానం ఉంటే ఈడీటీఏకు బదులు సిట్రేట్ ఉండే నీలిరంగు మూత గొట్టంలో మళ్ళీ తీయమనండి. లేని జబ్బుకు భయపడి వచ్చిన తల్లులను నేను చాలామందిని చూశాను.

బొప్పాయి ఆకు రసం తాగకపోవడం మంచిదయింది. గర్భిణులకు అది క్షేమమని రుజువు లేదు. పైగా పచ్చి బొప్పాయి పాలు గర్భాశయాన్ని సంకోచింపజేస్తాయని జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది. పచ్చి బొప్పాయి చూలింతలకు పెట్టకూడదన్న మాట అత్తయ్య గారికి కూడా తెలిసే ఉంటుంది. ఆ మాటే గుర్తు చేయండి, నొచ్చుకోరు.

పెన్నాతీరం సమాధానం:

డాక్టరు గారు చెప్పిన మామూలు తగ్గుదల నాది కాదు. నాకు పెళ్ళికి ముందు నుంచే ఐటీపీ ఉంది. అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు. గర్భానికి ముందు 70 వేల దగ్గర ఉండే లెక్క, మూడో నెలకే 41 వేలకు, ఏడో నెలలో 26 వేలకు దిగింది. ఈ తేడా గమనించండి: మూడో నెలలోనే బాగా తక్కువగా ఉండటం, గర్భానికి ముందు కూడా తక్కువగా ఉండటం. మీ తొమ్మిదో వారం లెక్క 2.46 లక్షలని చదివి నాకు ఊరట కలిగింది. గర్భానికి ముందు చేయించిన పాత కాగితాలు ఏవైనా ఉంటే అవి కూడా వెతికి తీసుకువెళ్ళండి. నా విషయంలో పెళ్ళికి ముందు కామెర్లు వచ్చినప్పుడు తీసిన ఒక పాత రిపోర్టే దారి చూపింది.

నాకు ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చారు, కాన్పు ముందు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించారు. కాన్పు నాటికి 50 వేలు దాటితే చాలన్నారు, 68 వేలకు చేరాను, మామూలు కాన్పే అయింది. నాకు ఎవరూ ముందుగా చెప్పని విషయం బిడ్డ గురించి. ఐటీపీలో ప్లేట్‌లెట్లను నాశనం చేసే తల్లి ప్రతిదేహాలు (యాంటీబాడీలు) మాయను దాటి బిడ్డ ప్లేట్‌లెట్లను కూడా దెబ్బతీయవచ్చు. తల్లి లెక్కను బట్టి బిడ్డ లెక్కను అంచనా వేయలేరు. అందుకే బిడ్డ తలను పట్టి బయటికి లాగే వాక్యూమ్, ఫోర్సెప్స్ వాడకుండా జాగ్రత్తపడ్డారు, బొడ్డుతాడు నుంచి రక్తం తీసి చూశారు. పుట్టినప్పుడు 1.6 లక్షలు ఉన్న పాపకు మూడో రోజుకు 72 వేలయింది. పుట్టిన రెండు నుంచి అయిదు రోజుల మధ్యే బాగా తగ్గుతుందట. ఆ తర్వాత అదే పెరిగింది. పుట్టినప్పటి అంకె చూసి మర్నాడే ఇంటికి వెళ్ళిపోయి ఉంటే మాకు ఆ సంగతి తెలిసేది కాదు. ఐటీపీ ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, నాలుగైదు రోజుల పాటు బిడ్డకు పరీక్ష చేయించమని పట్టుబట్టండి.

చిన్నక్క సమాధానం:

సూక్ష్మదర్శిని గారు సంఖ్య వేరు, పని వేరు అన్న మాట మా ఇంట్లో ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా చెల్లెలి ప్లేట్‌లెట్లు ఎప్పుడు పరీక్షించినా రెండున్నర లక్షలకు తగ్గలేదు. అయినా పసితనం నుంచి ముక్కు నుంచి రక్తం కారేది, పన్ను ఊడితే రోజంతా ఆగేది కాదు. సమర్తాడిన నాటి నుంచి ప్రతి నెలసరీ పది పన్నెండు రోజులు సాగి, రెండుసార్లు రక్తం ఎక్కించవలసి వచ్చింది. "కౌంటు బాగానే ఉంది, వేడి చేసి ఉంటుంది" అని పంపేసినవారే ఎక్కువ. చివరకు 19వ ఏట ప్లేట్‌లెట్లు గుంపు కడుతున్నాయో లేదో చూసే అగ్రిగేషన్ పరీక్ష చేస్తే గ్లాంజ్‌మాన్ వ్యాధి అని తేలింది. 1918లో స్విట్జర్లాండ్ వైద్యుడు గ్లాంజ్‌మాన్ దీనిని వర్ణించారు. ప్లేట్‌లెట్ల మీద ఫైబ్రినోజెన్‌ను పట్టుకునే కొక్కెం పుట్టుకతోనే ఉండదు లేదా పనిచేయదు. ఎన్ని లక్షలున్నా అవి చేయి చేయి కలపలేవు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. మా అమ్మా నాన్నలది మేనరికం. మన తెలుగు కుటుంబాల్లో మేనమామతో, మేనబావతో పెళ్ళిళ్ళు ఇప్పటికీ ఉన్నాయి కనుక, ఆడపిల్లకు నెలసరి వారం దాటి ధారగా సాగుతుంటే కౌంటు బాగుందన్న ఒక్క మాటతో దయచేసి ఊరుకోకండి.

వాన్ విల్లెబ్రాండ్ అనే ఫిన్లాండ్ వైద్యుడు 1926లో వర్ణించిన జబ్బు కూడా ఇటువంటిదే. ప్లేట్‌లెట్లను నాళపు గోడకు అతికించే మాంసకృత్తు అందులో లోపిస్తుంది. ఆయన చూసిన తొలి రోగి, ఓలాండ్ దీవులకు చెందిన యోర్డిస్ అనే చిన్నారి, తన నాలుగో నెలసరిలో రక్తం ఆగక కన్నుమూసింది. ఆ సంగతి చదివిన రోజు నేను మా చెల్లెలి గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

చెల్లెలికి రెండేళ్ళ క్రితం కాన్పయింది. అయిదో నెల నుంచే ప్రసూతి వైద్యులు, రక్తవ్యాధుల వైద్యులు, బ్లడ్ బ్యాంకు కలిసి ప్రణాళిక వేసుకున్నారు. గతంలో ఎక్కించిన ప్లేట్‌లెట్ల వల్ల ఆమె ఒంట్లో ప్రతిదేహాలు పుట్టి ఉంటే, కొత్తగా ఎక్కించేవి పనిచేయకపోవడమే కాక బిడ్డకు కూడా హాని కలగవచ్చని ముందే పరీక్షించారు. కాన్పు తర్వాత కూడా రెండు వారాల పాటు, రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ వాడారు. తల్లీ బిడ్డా క్షేమం.

మత్తు వైద్యుడు సమాధానం:

మున్నేటి ఒడ్డు గారూ, నడుముకు సూది గురించి అడిగారు కనుక ఆ ఒక్క విషయం రాస్తాను. వెన్నుపాము చుట్టూ రక్తం గూడుకట్టి నరాలను నొక్కుతుందేమోనన్నదే మా భయం. 2021లో అమెరికా ప్రసూతి మత్తు వైద్యుల సంఘం ఇచ్చిన ఏకాభిప్రాయ ప్రకటన ప్రకారం, గర్భిణికి వేరే రక్తస్రావ లక్షణాలు లేకుండా, లెక్క 70 వేలు, ఆ పైన ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుండటం అడ్డంకి కాదు. 1.08 లక్షలతో మీకు సూది ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ వెనుకాడరు. అయితే అంకె కన్నా అది దిగుతున్న వేగం మాకు ముఖ్యం. హెల్ప్ సిండ్రోమ్‌లో ఉదయం లక్ష ఉన్నది సాయంత్రానికి బాగా పడిపోవచ్చు, అప్పుడు ఉదయపు కాగితం పనికిరాదు. అందుచేత ఆపరేషన్‌కు దగ్గరగా చేసిన పరీక్ష అడుగుతాం. 36వ వారం లోపు మీ ఆసుపత్రి మత్తు వైద్యులను ఒకసారి కలిసి పాత కాగితాలన్నీ చూపించండి.

మున్నేటి ఒడ్డు:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టు మర్నాడే వెళ్ళి అడిగాను. డాక్టరు గారు ఏమీ అనుకోలేదు, పరీక్షలన్నీ వెంటనే రాశారు. రక్తపోటు 126/80. మూత్రంలో అల్బుమిన్ లేదు, కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. రక్తపు పూతలో కొన్ని గుంపులు కనిపించాయని, సిట్రేట్ గొట్టంలో మళ్ళీ తీస్తే 1.31 లక్షలు వచ్చిందని చెప్పారు. ఇకపై వారం వారం పరీక్ష, ఇంట్లో రోజూ రెండుసార్లు రక్తపోటు చూసి పుస్తకంలో రాసుకోవడం. మాత్ర 36వ వారం వరకు కొనసాగించమన్నారు. అత్తయ్య గారికి మీ సమాధానాలన్నీ చదివి వినిపించాను. రక్తపోటు యంత్రం పట్టీ కట్టే పని ఇప్పుడు ఆవిడే తీసుకున్నారు. కాన్పు తర్వాత జాగ్రత్తపడవలసింది ఇంకేమైనా ఉందా?

సూక్ష్మదర్శిని:

చాలా సంతోషం. మీరు అడిగింది మంచి ప్రశ్న, ఎందుకంటే కాన్పుతో ఈ కథ ముగిసిపోదు. హెల్ప్ సిండ్రోమ్ కొందరిలో కాన్పయిన మొదటి 48 గంటల్లో మొదలవుతుంది. కాబట్టి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ, ఇంటికి వచ్చాక మరో వారం పది రోజులూ రక్తపోటు చూడటం మానవద్దు.

ప్లేట్‌లెట్లు కాన్పయిన తర్వాత వేగంగా పెరుగుతాయి, కొన్నాళ్ళు మామూలు కన్నా ఎక్కువగా కూడా ఉంటాయి. రక్తం గడ్డకట్టే గుణం కూడా తగ్గడానికి సమయం పడుతుంది. కాళ్ళ సిరల్లో, అరుదుగా మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం కాన్పు తర్వాతి ఆరు వారాల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. సిజేరియన్ అయితే మరింత. మన ఇళ్ళలో బాలింతను మంచం దిగనివ్వకపోవడం, నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని దాహానికి కూడా కొలిచి ఇవ్వడం ఇంకా ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడటం, కదలకుండా పడుకోవడం, ఈ రెండూ ఆ ప్రమాదాన్ని పెంచేవే. బాలింతల్లో మెదడు సిరలు మూసుకుపోయిన కేసులు మన దేశపు ఆసుపత్రులు దశాబ్దాలుగా చూస్తున్నాయి. అత్తయ్య గారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి: దాహం వేసినంత నీరు తాగాలి, కుట్లు ఉన్నా మర్నాటి నుంచే పట్టుకుని నడిపించాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా, తగ్గని తలనొప్పి లేదా మూర్ఛ వచ్చినా దిష్టి, గాలి అనుకోకుండా ఆసుపత్రికి రావాలి.

ఆరు వారాలకు బిడ్డ టీకాకు వెళ్ళినప్పుడు మీకూ ఒక సీబీపీ చేయించి, ఆ అంకెను ఇక్కడ రాయండి. అప్పటికి కూడా లక్షన్నరకు లోపే ఉంటే అది గర్భం వల్ల వచ్చిన తగ్గుదల కాకపోవచ్చు, మళ్ళీ మొదటి నుంచి వెతకాలి.